తిరుగుడు తొట్టిలో మొదటి చుట్టు

జాతరల్లో రంగులరాట్నం బిగించేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. రాట్నం నిలబెట్టిన రోజున మొదటి చుట్టు దాన్ని బిగించిన ఫిట్టరే తిరగాలి. ఒంటరిగా కాదు, పెండ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తిరగాలి. ఆ చుట్టు ముగిసి, ఆమె దిగి, చీర దులుపుకుని నాలుగడుగులు నడిచాకే స్విచ్చి దగ్గరి మనిషి జనానికి తొట్ల తలుపులు తీస్తాడు. ఆమె నడక చూశాకే తల్లులు పిల్లల చేతులు వదులుతారు. కాగితాల మీద ముద్రలు, అధికారుల సంతకాలు తర్వాతి రోజుల్లో వచ్చాయి. తన ఇంటి మనిషిని ఎక్కించుకునేవాడు బోల్టు వదులుగా విడిచిపెట్టడన్నది అంతకు ముందునుంచీ ఉన్న తనిఖీ.

మునివెంకటప్ప ఆ కట్టుబాటును ఇరవై రెండేళ్ళు పాటించి, ఒక్క రోజు తప్పాడు. ఆ రోజు గురించే ఇది రాస్తున్నాను. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ రోజు ఆయన అంత భయపడటానికి సగం కారణం నేను. రాయకపోతే ఆ సగం నాతోనే పోతుంది.

ఆయనది నారాయణవనం పక్క పల్లె. తండ్రి బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాడు. ఎద్దుబండ్లు తగ్గి కొలిమి చల్లారాక, మునివెంకటప్ప తిరుత్తణి ఆడికృత్తిక జాతరకు వచ్చిన ఒక రాట్నం జట్టుతో స్పానరు మోస్తూ వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళకు ఆ స్పానరు ఆయన చేతి పనిముట్టయింది. తిరుపతి గంగమ్మ జాతర, కార్వేటినగరం తిరునాళ్ళు, కాణిపాకం బ్రహ్మోత్సవాలు, అటు తమిళ ఊళ్ళ తేరు పండగలు, ఎక్కడ రాట్నం లేచినా అది ఆయన చేతిమీదుగా లేచేది. ఏ బోల్టు ఏ రంధ్రానిదో వేళ్ళతో తడిమి చెప్పేవాడు. ఆయన బిగించిన రాట్నం మీద ఒక్కరికీ గీత పడలేదు.

ఆ పనిలో ఆయన నేర్చుకున్న మొదటి పాఠం సమం. ఒక తొట్టిలో నలుగురు బరువైనవాళ్ళు ఎక్కితే ఎదురు తొట్టిలోనూ అంత బరువు పడాలి. లేకపోతే రాట్నం ఒక పక్కకు ఈడుస్తుంది, మోటారు మూలుగుతుంది. వరుసలో నిలబడిన జనాన్ని కళ్ళతోనే తూచి, "నువ్వు ఈ పక్క రాన్నా, అవ్వా నువ్వు ఆ పక్క పో" అని సర్దేవాడు. సంతనుంచి వచ్చేటప్పుడు రెండు చేతుల్లోని సంచులు సమంగా లేకపోతే దోవలో నిలబడి ఉల్లిగడ్డలు ఇటునుంచి అటు మారుస్తాడని గంగులమ్మ నవ్వేది.

గంగులమ్మ ఆయన భార్య. పెండ్లయిన వారంలోనే ఆమె మొదటి చుట్టు ఎక్కింది. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళలో ఎన్ని రాట్నాలు ఎక్కిందో ఆమెకే లెక్క లేదు. పైకి పోయాక దూరంగా ఎవరి చెరుకుతోట పచ్చగా ఉందో, ఎవరి మిద్దె మీద మిరపకాయలు ఎండుతున్నాయో చూసి వచ్చి చెప్పేది. భయమంటే ఆమెకు తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు.

వాళ్ళు తిరుపతిలో కొర్లగుంటలో మా వీధి చివర ఉండేవాళ్ళు. నేను అప్పుడు ఒక శాఖా గ్రంథాలయంలో పని చేసేవాణ్ణి. మునివెంకటప్పకు చదువు అంతంత మాత్రం. అయినా యంత్రాల బొమ్మలున్న పుస్తకాలు అడిగి తీసుకుని, ఫ్యాను కింద కూర్చుని, పేజీ మీద వేలు పెట్టి ఏ చక్రం దేన్ని తిప్పుతుందో చూసుకునేవాడు. నన్ను "సారూ" అని పిలిచేవాడు. పుస్తకాల మధ్య కూర్చునేవాడికి అన్నీ తెలుస్తాయని ఆయన నమ్మకం.

రెండువేల నాలుగు ఎండాకాలంలో చంద్రగిరి దారిలో ఒక పార్కు మొదలైంది. పెట్టినాయన సుందరరాజు. ఆయనకు అప్పటికే రెండు లాడ్జీలున్నాయి. కొండ దిగిన యాత్రికులు రైలు వేళ దాకా గదుల్లో ఊరికే పడుకుంటున్నారని, వాళ్ళ పిల్లలకు ఒక పూట కాలక్షేపం ఉంటే బాగుంటుందని ఆయన ఆలోచన. మద్రాసు వైపు మూతపడిన ఒక పార్కునుంచి రోలర్ కోస్టరు పట్టాలు లారీల్లో తెప్పించాడు. చిన్నాచితకది కాదు. పట్టా ఏటవాలుగా నాలుగంతస్తుల ఎత్తుకు పోయి, అక్కడినుంచి కిందికి పడి, ఒక మలుపు తిరిగి, నిలువుగా పెద్ద సున్నా చుట్టి బయటికి వస్తుంది. ఆ సున్నాలో మనిషి ఒక్క క్షణం తలకిందులవుతాడు. పనివాళ్ళు దాన్ని లూపు అనేవాళ్ళు.

పట్టాలు బాగున్నాయి గాని, వాటి మీద నడవాల్సిన బండ్లు అడుగున చీలిపోయి ఉన్నాయి. సుందరరాజు ఇంకోచోట మూతపడిన చిన్న కోస్టరు తొట్లు నాలుగు కొన్నాడు. అవి మామూలు తొట్లు కావు. ఒక్కో తొట్టిలో నలుగురు, ఇద్దరు ముందు వైపు, ఇద్దరు వెనక వైపు, వీపులు ఆనించి కూర్చుంటారు. తొట్టి కింద గుండ్రటి బేరింగు ఉంటుంది. బండి ముందుకు పోతుంటే పైన తొట్టి దాని ఇష్టానికి బొంగరంలా తిరుగుతుంది. వాటిని అసలు తయారుచేసింది చిన్న ఎత్తుపల్లాల పట్టాల కోసం. ఆ తొట్లను లూపు పట్టాల మీదికి ఎక్కించాలని సుందరరాజు పట్టుదల.

"బొంగరమూ అదే, ఉయ్యాలా అదే. మద్రాసోళ్ళు కూడా ఈడికి రావల్ల సూసేదానికి," అన్నాడట.

మునివెంకటప్పను జాతరనుంచి పిలిపించుకున్నది ఈ పనికే. ఆయన లేత్ పనివాళ్ళతో కొత్త అడుగు చట్రాలు చేయించి, తొట్లు వాటి మీద కూర్చోబెట్టాడు. అప్పుడే ఒక రోజు రెండు ఇంగ్లీషు పుస్తకాలు గుడ్డలో చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఒకటి పట్టాలది, ఒకటి తొట్లది.

"సారూ, ఈ తొట్లు ఆ లూపు మీద పోవచ్చునా అని రాసిండారేమో సూడు," అన్నాడు.

రెండు రోజులు చదివాను. ఏ బోల్టు ఎంత బిగించాలో ఉంది. ఎన్ని రోజులకు గ్రీజు పెట్టాలో ఉంది. తొట్టిని లారీలో తరలించేటప్పుడు తిరగకుండా ఒక పిన్ను దిగ్గొట్టాలని ఉంది. లూపు పుస్తకంలో తిరుగుడు తొట్ల మాట లేదు, తొట్ల పుస్తకంలో లూపు మాట లేదు. మూడో రోజు ఆయనకు పుస్తకాలు తిరిగి ఇస్తూ, "వద్దని ఎక్కడా లేదు మునివెంకటప్పా," అన్నాను.

ఆయన "వద్దని లేదు," అని తనలో తాను అనుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట అక్కడితో ఆగలేదు. వారం తిరక్కుండా సుందరరాజు నోట "లైబ్రరీ సారు అంతా సదివినాడు, వద్దని లేదంట" అయింది. టీ అంగడి దగ్గర విన్నప్పుడు నాకు లోపల గర్వంగానే అనిపించింది. ఇప్పటికీ సిగ్గుపడే గర్వం అది.

మనుషులు ఎక్కే ముందు ఇసక సంచులతో నడిపి చూడాలి. మునివెంకటప్ప నాలుగు సీట్లకు నాలుగు సంచులు, ఒక్కోటి అరవై కిలోలు, త్రాసు పెట్టి తూచి మరీ కట్టాడు. రాట్నంలో నేర్చుకున్న పద్ధతే. మూడు రోజులు నలభై చుట్లు నడిపారు. తొట్లు లూపులోకి పోయి బయటికి వచ్చాయి. బేరింగు వేడెక్కలేదు, సంచి కదల్లేదు. తొట్టి కూడా పెద్దగా తిరగలేదు. దిగేచోట బ్రేకు పడ్డాక కొంచెం అటూ ఇటూ ఊగి ఊరుకునేది.

"బొంగరం అంటిరి, ఇది గంగిరెద్దు మాదిరి తల ఆడిస్తా ఉండాది అంతేగా," అన్నాడు పాల్. స్విచ్చి బోర్డు దగ్గరి మనిషి అతనే. మునివెంకటప్పతో పదేళ్ళుగా రాట్నాల దగ్గర పని చేసినవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక సంచికి ఎలుక కొరికిన చిల్లు పడింది. ఎవరూ చూడలేదు. ఇసక దారి పొడుగునా కారిపోయి, ఒక పక్క సీటు దాదాపు ఖాళీ అయింది. ఆ చుట్టులో తొట్టి లూపు ముందరి మలుపు దగ్గరే గిర్రున తిరిగింది. తిరుగుతూనే లూపులోకి దూరింది. అది దిగేచోటికి వచ్చి ఆగేటప్పటికి కూడా తిరుగుతూనే ఉంది. మిగిలిన సంచుల్లో ఒకటి పక్కకు చీలి ఉంది. మనిషి జారకుండా పైనుంచి దించే ఇనుప కమ్మీ భుజాల మీద ఒత్తాల్సింది పోయి, సంచి పక్కలోకి దిగబడింది. మనిషి కూర్చుంటే ఆ చోట చెవి ఉంటుంది.

పాల్ నవ్వుతూ, "ఇప్పుడు తిరిగింది సూడన్నా," అని, మునివెంకటప్ప ముఖం చూసి నవ్వు ఆపాడట.

మునివెంకటప్పకు అప్పుడు అర్థమైంది. నలభై చుట్లు బాగా నడిచాయంటే తొట్లు మంచివని కాదు. తాను నాలుగు పక్కలా సమంగా బరువు పెట్టాడు, అందుకే అవి తిరగలేదు. సమంగా ఉన్న బొంగరాన్ని ఏ మలుపూ తిప్పలేదు. ఇంతకాలం జనం ప్రాణాలు కాపాడిన అలవాటు ఇక్కడ ఆయన కళ్ళకు గంతలు కట్టింది. రేపు ఎక్కేది సంచులు కాదు. తండ్రి పక్కన కూతురు ఎక్కుతుంది, అవ్వ వెనక మనవడు ఎక్కుతాడు. ఏ తొట్టీ సమంగా ఉండదు.

మరునాడు కావాలనే ఎగుడు దిగుడుగా సంచులు కట్టి పది చుట్లు నడిపించాడు. లూపు మొదట్లో ఒక స్తంభం పక్కన నిలబడి, తొట్టి ఏ ముఖంగా లోపలికి పోతుందో ప్రతిసారీ నేల మీద సుద్దతో గీత గీశాడు. పది చుట్లకు గీతలు పది దిక్కులకు పోయాయి. అవే సంచులు, అదే మోటారు, అదే పట్టా. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు, ఒకసారి అడ్డంగా. మూడు చుట్లలో సంచికి ఏమీ కాలేదు. నాలుగో చుట్టులో పక్క చీలింది. మళ్ళీ రెండు బాగా వచ్చాయి.

సుందరరాజును పిలుచుకొచ్చి చూపించాడు.

"తిరగాలనే కదప్పా తెచ్చినాము. తిరిగితే తిరిగిందంటావు, తిరక్కపోతే తిరగలేదంటావు," అన్నాడు ఆయన.

"తిరగనీ రాజుగారూ. లూపు లోపల తిరగకూడదంటా ఉండాను. లారీలో ఏసే పిన్ను దిగ్గొట్టి, తొట్టిని ముందరి ముఖానికే బిగించి నడిపిస్తాము."

"పిన్ను దిగ్గొడితే అది ఉత్త బండి. రేణిగుంట దాకా బోర్డులు రాయించినాను నేను, తిరుగుడు తొట్లని. సంచికి సేతులుండవు, పట్టుకోలేదు. మనిషి పట్టుకుంటాడు. ఊరికే భయపడొద్దు. పుస్తకంలో వద్దని లేదు గదా."

సంచికి చేతులు లేని మాట నిజమే. అందుకని ఆ శుక్రవారం మిగతావాళ్ళు అన్నాలకు పోయినప్పుడు, తొట్టిలో ఎదురు మూలకు ఒక సంచి కట్టి, తానే ఎక్కి కూర్చున్నాడు. పాల్ ఒప్పుకోలేదు. "మీ వదిన లేకుండా ఎక్కితే అది మొదటి సుట్టు కాదులే, ఊరికే సూసేదానికే," అని ఒప్పించాడు.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి వచ్చి, మెడ ఒక పక్కకు వంచుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. పుస్తకం అడగలేదు. నీళ్ళు ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పైకి పొయ్యేటప్పుడు బాగనే ఉండె సారూ. కొండ అగుపడినాది. కిందికి పడేటప్పుడు కూడా రాట్నంలో పడినట్టే. ఆ మలుపు తావ తిప్పింది. తిప్పినాక ఇంక ఏదీ లే. స్తంభం ముందర ఉండాల, ఎనక ఉండాది. ఆకాశం యాడ, నేల యాడ, తెలీలే. లూపు వస్తాదని తెలుసు, ఏ పక్కనుంచి వస్తాదో తెలీదు. తల ఎత్తి పెట్టుకోవాలా, వంచుకోవాలా? నా ఎనకపక్కనుంచి వచ్చింది. ఎవురో తలకాయ మింద కాలు పెట్టి తొక్కినట్టు. మళ్ళా పక్కనుంచి కమ్మీ చెవికి తగిలింది. నేను అరిసినానంట. పాల్ చెప్పినాడు. నాకు ఇనపడలే."

గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పిలకాయ ఉయ్యాల ఊగేటప్పుడు సూడు సారూ, కిందికి వచ్చేటప్పుడు ముందుగానే మెడ బిగిస్తాడు. ఎవురూ నేర్పరు. కన్ను సూస్తాది, మెడకు సెప్తాది. లూపు ఎంత పెద్దదైనా ముందర అగుపడితే మనిషి తట్టుకుంటాడు. దీంట్లో మెడకు సెప్పేవాళ్ళు లేరు."

"అయితే గంగులమ్మను ఎక్కించొద్దు," అన్నాను.

ఆదివారం కోస్టరు ప్రారంభం. ఏదో హాస్టలు పిల్లలు నలభై మందిని సుందరరాజు పిలిచాడు. ముందు ఫిట్టరూ అతని భార్యా, తర్వాత ఆ పిల్లలు.

మునివెంకటప్ప నా వైపు తిరగబోయి, మెడ రాక, ఒళ్ళంతా తిప్పి చూశాడు. "నా భయం అది కాదు సారూ. గంగులుకు ఏమన్నా అయితాదేమోనని కాదు నాకు భయం. ఏమీ కాకుండా దిగి వస్తాదేమో అని."

నాకు అర్థం కాలేదు.

"రాట్నంలో ఒక సుట్టు ఎట్లో నూరు సుట్లూ అట్లే. గంగులు బాగా దిగిందంటే అందురూ బాగా దిగతారు. దీంట్లో ఒక సుట్టుకూ ఇంగో సుట్టుకూ సంబంధం లే. సుద్దతో గీసి సూసినా గదా, పది దిక్కులు. ఆమె సీర దులుపుకోని నవ్వతా దిగతాది. ఆమెను సూసి ఆ పిలకాయలు ఎక్కతారు. తేలిక పిలకాయలు, ఒగడు సన్నము, ఒగడు లావు. బొంగరం మాదిరి తిరగతాది. నా పెండ్లాము నడిచిన నడక వాళ్ళను లోపలికి పంపిస్తాది."

చేతిలో ఉన్న పుస్తకం బల్ల మీద పెట్టాను. నేను అన్న ఒక్క మాట ఆ నలభై మంది మీద కూర్చుని ఉంది. "నేను వచ్చి చెప్తాను రాజుగారికి, సరిగా చదవలేదని," అన్నాను.

"నేను సెప్పినాను సారూ అది కూడా. వద్దని రాసిండేది సూపించు అంటాడు."

గంగులమ్మకు ఆయన ఏమీ చెప్పలేదు. మెడ ఏమైందని అడిగితే నిద్రలో పట్టిందన్నాడు. ఆమె ఆముదం కాచి రుద్దింది. ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరుకు పోయి కట్టు వేయించుకుందాం రమ్మంటే, ఆదివారం కానీ అన్నాడు. ఇన్నేళ్ళ కట్టుబాటుకు ఆయన అడ్డు చెప్పలేకపోయాడు. పని మీద నమ్మకం లేదని పెండ్లాంతో చెప్పడం, ఫిట్టరు పని వదిలేశానని చెప్పడం రాట్నాలవాళ్ళల్లో ఒకటే.

ఆదివారం పొద్దున పది గంటలకు నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే ఇంట్లో కూర్చోలేక. సుందరరాజు బంధువులు కుర్చీల్లో కూర్చున్నారు. హాస్టలు పిల్లలు అడ్డంగా కట్టిన తాడు వెనక వరుసగా నిలబడి, లూపును చూస్తూ ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. ఒక పాప బక్కగా, చేతులు అగ్గిపుల్లల్లా, ముందు వరుసలో ఉంది. నేను ఆ పాప వైపు చూడకుండా ఉండలేకపోయాను. పక్కనే ఉన్న పిల్లవాడు ఆమెకు మూడింతలున్నాడు. ఇద్దరూ ఒకే తొట్టి ఎక్కుతారని మాట్లాడుకుంటున్నారు.

టెంకాయ కొట్టారు. తొట్టికి కుంకుమ పెట్టారు. గంగులమ్మ కొత్త చీర, తలలో కనకాంబరాలు. మెట్లెక్కి, సీట్లో సర్దుకుని కూర్చుని, కమ్మీ తానే కిందికి లాక్కుంది. పాల్ బోర్డు దగ్గర నిలబడ్డాడు. మునివెంకటప్ప ఆమె కమ్మీ పట్టుకుని లాగి చూశాడు. మళ్ళీ లాగి చూశాడు. మూడోసారి కూడా.

"ఎక్కయ్యా, ఎండ మండతా ఉండాది," అంది గంగులమ్మ.

"దిగు," అన్నాడు.

"ఏంది?"

"దిగు గంగులూ."

ఆమె దిగలేదు. కుర్చీల వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. "అందురూ సూస్తా ఉండారు. ఏమి నీకు?"

సుందరరాజు లేచి వచ్చాడు. "ఏమప్పా, ముహూర్తం దాటతా ఉండాది. పెండ్లాము మింద ఈ వయసులో అంత ప్రేమ పుట్టుకొచ్చిందా?" అన్నాడు. వెనక బంధువులు నవ్వారు.

"నేను చేసిన పని మీద నాకు నమ్మకం లేదు రాజుగారూ."

"నువ్వు బిగించిందే గదా."

"నేను బిగించిందే. ఒగ బోల్టు కూడా వదులు లేదు. అయినా నా పెండ్లాన్ని ఎక్కించను."

నవ్వులు ఆగాయి. గంగులమ్మ ముఖం ఎర్రబడింది. "ఇరవై రెండేండ్లు ఎక్కినాను. ఒగ రోజన్నా ఇది గెట్టిగా ఉండాదా అని నిన్ను అడిగినానా?" అంది, గొంతు తగ్గించి.

"అడిగుంటే బాగుండు. అలవాటై ఉండు నాకు, లేదని సెప్పేదానికి."

ఆమె ఆయన వంగిన మెడను చూసింది. నిద్రలో పట్టింది కాదని అప్పుడు తెలిసి ఉంటుంది. కమ్మీ పైకెత్తింది. దిగుతుంటే చీర చెంగు కొక్కేనికి తగులుకుంది. ఆయన విడిపించాడు. ఆమె మెట్లు దిగి, ఎవరి వైపూ చూడకుండా స్తంభం నీడలో నిలబడింది.

"సరే, ఫిట్టరు పిరికోడు," అన్నాడు సుందరరాజు. "ఇంగొకరు ఎక్కతారు. రేయ్, నువ్వు రా." పిలిచింది బావమరిదిని. అందరికంటే గట్టిగా నవ్వినవాడు అతనే. లేచి, రెండు మెట్లెక్కి, తొట్టినీ స్తంభం నీడలో నిలబడ్డ గంగులమ్మనూ ఒకసారి చూసి, "పొద్దున్నుంచి నాకు కడుపు బాగలేదు బావా," అని దిగిపోయాడు.

"పాలూ, ఖాళీగానే నడిపించు. నడిచేది సూస్తే వాళ్ళే ఎక్కతారు."

పాల్ బోర్డునుంచి తాళం చెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "నాకు తెలిసిన పద్ధతి ఒగటే అన్నా. ఫిట్టరు పెండ్లాము సుట్టి దిగి నడిస్తేనే స్విచ్చి. ఆయమ్మ సుట్టకనే దిగింది."

సుందరరాజు చుట్టూ చూశాడు. ఆ చూపు నా దగ్గర ఆగింది. "సారూ, మీరైనా సెప్పండి వీళ్ళకు. పుస్తకం సదివింది మీరు."

నేను మెట్ల దగ్గరికి వెళ్ళాను. "వద్దని లేదన్నాను రాజుగారూ. నడపొచ్చని కూడా లేదు. ఆ తొట్లు చేసినవాళ్ళు లూపును ఊహించనేలేదు. తెలియనిదాన్ని నేను సరేనని చెప్పాను. తప్పు నాది."

"ఇప్పుడా సెప్పేది?"

ఆయన తిట్టలేదు. పిల్లల వైపు చూసి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. వాళ్ళలో ఎవరికీ ఏమి జరుగుతోందో తెలియదు. బక్క పాప చెప్పు ఊడితే వంగి వేసుకుంటోంది. "పిన్ను ఎయ్యడానికి ఎంతసేపు?" అన్నాడు చివరికి.

"గంట," అన్నాడు మునివెంకటప్ప.

గంటంపావు పట్టింది. నాలుగు తొట్లనూ ముందు ముఖానికి తిప్పి, నాలుగు పిన్నులు సుత్తితో దిగ్గొట్టాడు. వెనక వైపు చూసే సీట్లను కమ్మీలతో కట్టేసి, ఎవరూ కూర్చోకుండా చేశాడు. తర్వాత సంచులు ఎగుడు దిగుడుగా వేసి అయిదు చుట్లు నడిపించాడు. అయిదుసార్లూ తొట్టి ముక్కు ముందుకే. అప్పుడు గంగులమ్మ వైపు చూశాడు. పిలవలేదు. ఆమె చెంగు నడుముకు దోపుకుని మెట్లెక్కింది. ఆయన పక్కన కూర్చున్నాడు.

వాళ్ళు లూపులోకి పోయినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. పట్టాల చప్పుడు మాత్రం విన్నాను. కళ్ళు తెరిచేసరికి ఆమె దిగుతోంది. చీర దులుపుకుంది. నడిచింది. నేరుగా పిల్లల దగ్గరికి పోయి, ఆ బక్క పాప ముందు కూర్చుని, "లూపు ముందర వస్తాది, అప్పుడు తల ఎనక్కి ఆనించుకోని పట్టుకో, ఏమీ కాదు," అని చెప్పింది. పిల్లలు ఎక్కారు, అరుస్తూ తిరిగారు, మళ్ళీ ఎక్కుతామన్నారు. మునివెంకటప్ప ఒక్క చుట్టు కూడా చూడలేదు. కంచె వైపు ముఖం పెట్టి నిలబడి, బండి దిగేచోటికి వచ్చిన చప్పుడు విన్నప్పుడల్లా ఊపిరి వదిలేవాడు.

పిల్లలు పోయాక, పార్కు మూసే ముందు, సుందరరాజు పాల్‌తో ఏదో మాట్లాడుతుండగా మునివెంకటప్ప విన్నాడు. పండగ రోజుల్లో పెద్దవాళ్ళు మాత్రమే వచ్చినప్పుడు, పిన్నులు తీసి రెండు చుట్లు నడిపిస్తే ఏమవుతుందని అడుగుతున్నాడు. పాల్ జవాబు చెప్పేలోపు మునివెంకటప్ప వెల్డింగు సెట్టు లాక్కుని తొట్ల దగ్గరికి పోయాడు. ఎవరినీ అడగలేదు. నాలుగు పిన్నుల మీదా వెల్డింగు వేసేశాడు. ఇక వాటిని తీయాలంటే తొట్టి అడుగునే కోయాలి.

మరునాడు సుందరరాజు ఆయన్ను పని మానిపించాడు. జాతరల్లో ఆయన పేరు "పెండ్లాన్ని దించినోడు" అయింది. మొదటి చుట్టు తిరిగే ఫిట్టరుగా తర్వాత ఎవరూ పిలవలేదు. శ్రీ సిటీ పారిశ్రామికవాడ వచ్చాక అక్కడొక ఫ్యాక్టరీలో వెల్డరుగా చేరి, చివరి దాకా ఆ పనే చేశాడు. ఆ కోస్టరు ముందు ముఖంగానే తొమ్మిదేళ్ళు నడిచింది.

ఆ వెల్డు నేను ఒకసారి చూశాను. లావుగా, వంకరగా, ముద్దలు ముద్దలుగా ఉంది. ఆయన చేతి పనిలా లేదు. అదే ఆయనతో అంటే, "సేతులు వణకతా ఉండె సారూ. వణికే సేత్తో సన్నగా రాదు. అందుకే కనపడిన తావంతా ఏసినాను," అన్నాడు.